హోరు తగ్గిన స్టవ్వులు

ఆ చలికాలం పొడుగునా ఎవర్ట్ కిరసనాయిలునే తిట్టాడు. నూనెలో సత్తువ లేదన్నాడు. కంపెనీవాళ్ళు ఏదో కలిపి అమ్ముతున్నారన్నాడు. తన నాన్న కాలంలో గ్లాసుడు నూనె పోస్తే స్టవ్వు ఎలుగుబంటిలా గర్జించేదనీ, ఇప్పుడు ట్యాంకు నిండా పోసినా పిల్లి గురక పెట్టినట్టుంటోందనీ బంకు నడిపే ఆవిడతో చెప్పుకున్నాడు. ఆవిడ ఎన్నో ఏళ్ళుగా అదే నూనె అదే పంపులోంచి అమ్ముతోంది. ఆ మాట మాత్రం అనలేదు. నోర్‌విక్‌లో ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. ఉత్తర స్వీడన్‌లో ఆ మూల మాట ఖరీదైన సరుకు. ఉప్పు కూడా అంత పొదుపుగా వాడరు.

ఎవర్ట్‌కి డెబ్భై దాటాయి. కుర్రతనంలో కలప మిల్లులో రంపాల పక్కన నిలబడ్డాడు. ఆ తరవాత పెన్షను వచ్చేదాకా రోడ్ల మీద మంచు నెట్టే లారీ నడిపాడు. చెవులకి పెట్టుకోమని రెండు చోట్లా ఇచ్చిన తొడుగుల్ని మేకుకి తగిలించి మర్చిపోయాడు. చెవులు మూసుకుంటే యంత్రం ఏం చెబుతోందో ఎలా తెలుస్తుంది అనేవాడు. ఇంజను ఎక్కడ దగ్గుతోందో, బ్లేడు కింద ఉన్నది మంచో రాయో, చప్పుడును బట్టే చెప్పేసేవాడు. పక్క సీటులో కూర్చున్నవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. మొండితనానికి మెచ్చుకోలు కూడా తోడైతే ఇక ఆ మనిషి బాగుపడడం కష్టం.

పాత స్టవ్వులు బాగుచెయ్యడం అతనికి పిచ్చి. పిచ్చి అన్నది భార్య గున్‌బోర్ మాట. అతను దాన్ని పని అనేవాడు. అవన్నీ ఇత్తడి పంపు స్టవ్వులు. కాళ్ళు మడిచి, రేకు పెట్టెలో సర్ది, వీపున వేసుకుని అడవికీ కొండకీ మోసుకుపోయే రకం. ఊళ్ళలో ముసలివాళ్ళు పోయిన ఇళ్ళలో సామాను వేలం వేస్తుంటే, వచ్చినవాళ్ళంతా కుర్చీలూ గోడగడియారాలూ చూసుకుంటారు. ఎవర్ట్ మాత్రం మెట్ల కింద అట్టపెట్టెల్లో చెయ్యి పెట్టేవాడు. మసి పట్టి, పచ్చగా చిలుము పట్టి, ఎలుకలు కాపురం పెట్టిన స్టవ్వు ఒకటి బయటికి లాగి, చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చేవాడు.

ఇక షెడ్డులో దీపం ఆరేది కాదు. ముక్క ముక్కా విప్పదీసి వెనిగర్ నీళ్ళలో ఉడకబెట్టేవాడు. పంపులో ఎండి చిట్లిపోయిన తోలు వాషర్ తీసేసి, కొత్త తోలు గుండ్రంగా కత్తిరించి నూనెలో నానేసేవాడు. కారేచోట మాటు వేసేవాడు. ట్యాంకుని మాత్రం తళతళలాడేదాకా తోమేవాడు కాదు. మరీ మెరిసే స్టవ్వు జుట్టుకి రంగేసుకున్న ముసలాడిలా ఉంటుందని అతని అభిప్రాయం. అన్నీ బిగించాక బర్నరు కింద గిన్నెలో కాస్త స్పిరిటు పోసి వెలిగించి, అది వేడెక్కాక గాలి కొట్టేవాడు. బుస్సుమని మొదలై, గొంతు సవరించుకుని, స్టవ్వు హోరెత్తుకుందంటే ఎవర్ట్ మొహంలో పెళ్ళికళ వచ్చేది.

ఆ హోరు అతనికి ఊరికే చప్పుడు కాదు. తండ్రి చెట్లు కొట్టేవాడు, చలికాలం అంతా అడవి గుడిసెలోనే బతికేవాడు. బడి సెలవుల్లో ఎవర్ట్ కూడా వెళ్ళేవాడు. తెల్లవారకముందే తండ్రి లేచి స్టవ్వు వెలిగించేవాడు. దుప్పట్ల కింద ముడుచుకున్న పిల్లవాడికి ఆ హోరు వినపడిందంటే గుడిసె వేడెక్కుతుంది, కాఫీ కాగుతుంది, నాన్న బతికే ఉన్నాడు అని అర్థం. ఆ చలిలో ఈ మూడింట్లో ఏదీ చిన్న సంగతి కాదు.

అందుకే అతను స్టవ్వు దగ్గర కళ్ళు మూసుకునేవాడు. మంటని చూసి చెప్పేవాడు కొత్తవాడు, విని చెప్పేవాడు పనివాడు అనేవాడు. షెడ్డులో స్టవ్వు వెలిగించి, దానికి వీపు తిప్పి, చేతులు కట్టుకుని నిలబడేవాడు. నాలుగు క్షణాలు విని, గాలి చాలదనో, వాషర్ కారుతోందనో, బర్నరులో మసి ముక్క ఇరుక్కుందనో తేల్చేవాడు. ఎన్నడూ తప్పలేదు. అతని గొప్పంతా అదే. పడగొట్టిందీ అదే.

ఎందుకంటే రెండేళ్ళుగా చప్పుళ్ళు ఒక్కొక్కటే అతన్ని వదిలిపోతున్నాయి. పోతున్నాయని అతను అనుకోలేదు. లోకమే గొంతు తగ్గించుకుందనుకున్నాడు. ముందు పిట్టలు పోయాయి. ఈ ఊరికి ఇప్పుడు పిట్టలు రావడం లేదని బాధపడ్డాడు. తరవాత టీవీ పాడైంది. తరవాత జనం గొణగడం మొదలుపెట్టారు. ఎవరో ఏదో అడుగుతారు, అతను తలూపుతాడు. ఇంకొక ఊరైతే వారంలో పట్టుబడిపోయేవాడు. నోర్‌విక్‌లో అవునని చెప్పాలంటే నోరు తెరవక్కర్లేదు. పెదవులు కాస్త సున్నా చుట్టి ఊపిరి లోపలికి పీల్చుకుంటే అదే అవును. అది చెవిటివాడికీ కనిపిస్తుంది. ఇద్దరు మొగవాళ్ళు గంటసేపు కంచె దగ్గర నిలబడి, నాలుగుసార్లు ఊపిరి పీల్చుకుని, బాగా మాట్లాడుకున్నామనుకుని ఇళ్ళకి పోయే ఊళ్ళో ఒకడి చెవులు పోతే ఎవరికి తెలుస్తుంది?

గున్‌బోర్‌కి తెలిసింది. పెళ్ళానికి తెలియకుండా మొగుడికి పన్ను కూడా కదలదు.

"ఎవర్ట్, పెద్దాసుపత్రిలో చెవులు చూసేవాళ్ళున్నారట. ఒకసారి పోయొద్దాం," అంది ఒకరోజు బంగాళదుంపలు వడ్డిస్తూ.

"నా చెవులకేం రోగం? నువ్వు నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడితే ఎవడికి వినపడుతుంది?"

"నా నోట్లో ముద్ద లేదు."

"చూశావా, మళ్ళీ గొణిగావు."

ఇంకొకసారి ఆస్పత్రికి ఫోన్ చేసి రోజు కూడా ఖాయం చేసింది. ఆ పూట ఎవర్ట్ తన మీద ఏదో కుట్ర జరిగినట్టు మొహం పెట్టుకుని షెడ్డులోకి పోయాడు. కొన్నాళ్ళపాటు తిండి కూడా అక్కడే తిన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏంటలా కొరుకుతున్నావు అన్నాడట. ఇక ఊదడం మానేసింది గున్‌బోర్. అతని ఎదురుగా వచ్చి, మొహం చూస్తూ, పెదవులు బాగా కదిపి మాట్లాడడం అలవాటు చేసుకుంది. ఫోన్ తనే ఎత్తేది. కొట్లో అతన్ని ఎవరైనా ఏదైనా అడిగితే తనే జవాబిచ్చేది. మంచి మనసుతోనే చేసింది. చెప్పద్దూ, ఆ మంచితనం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మొగుడి మొండితనానికి పెళ్ళాం సహనం తోడైతే రోగం రాజభోగం అనుభవిస్తుంది.

ఇలా ఉండగా స్టవ్వుల గొంతు కూడా తగ్గింది.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. బర్నరు మధ్యలో ఒక ఇత్తడి ముక్కు ఉంటుంది. దానికి వెంట్రుకంత బెజ్జం. నూనె ఆవిరి అందులోంచే ఎగజిమ్మి మండుతుంది. మసి అడ్డుపడితే సన్నటి పిన్నుతో పొడిచి తీస్తారు. ఆ బెజ్జం ఏమాత్రం పెద్దదైనా ఆవిరి ఎక్కువై గాలి చాలదు. నీలం మంట పసుపుపచ్చగా మారుతుంది, మసి కక్కుతుంది, తలుపులు మూసిన గదిలో అయితే రంగూ వాసనా లేని విషపు గాలి నింపుతుంది. ఈ సంగతి ఆ చుట్టుపక్కల ఎవర్ట్ కన్నా బాగా తెలిసినవాడు లేడు. ఎంతమందికో అతనే చెప్పాడు.

అయినా ఆ చలికాలం అతను ఒక లావుపాటి పిన్ను సానపట్టుకున్నాడు. స్టవ్వు వెలిగించి వీపు తిప్పి నిలబడతాడు. హోరు చాలదు. ఆర్పి, చల్లార్చి, బెజ్జంలో పిన్ను తిప్పుతాడు. మళ్ళీ వెలిగిస్తాడు. ఇంకా చాలదు. మళ్ళీ తిప్పుతాడు. చివరికి తన చెవికి ఆనేంత హోరు వచ్చాక, ఇప్పుడు దీనికి ప్రాణం వచ్చింది అనుకుని పెట్టె మూస్తాడు. ఎప్పుడైనా కంటి చివర పచ్చటి మంట తగిలితే కిరసనాయిలుని తిడతాడు. అలా ఒకటి తరవాత ఒకటి, ఆ చలికాలం అతని షెడ్డు దాటిన స్టవ్వులన్నీ చెడిపోయి వెళ్ళాయి.

ఆఖర్న ఎవర్ట్ తండ్రి స్టవ్వు వంతు వచ్చింది. అది గున్‌బోర్ దగ్గర ఉండేది. ఆమె బడి వంటశాలలో పనిచేసి రిటైరైంది. ఇప్పుడు ఆమెకి చేపలే లోకం. సరస్సు గడ్డకట్టాక మంచు మీదికి లాక్కుపోయే చెక్కగది ఒకటి ఉంది ఆమెకి, దాన్ని వాళ్ళు ఆర్క్ అంటారు. నేలలో కంత ఉంటుంది, దాని కింద మంచులో ఇంకో కంత. లోపల బల్ల మీద కూర్చుని, పక్కన స్టవ్వు మీద కాఫీ పెట్టుకుని, గాలం వేసుకుంటే గున్‌బోర్‌కి మొగుడూ అక్కర్లేదు, దేవుడూ అక్కర్లేదు.

"దీని గొంతు పూడుకుపోయింది, ఇలా తే," అని ఎవర్ట్ దాన్ని తీసుకుపోయి రెండు రోజులకి తిరిగి తెచ్చాడు. "ఇప్పుడు చూడు."

గున్‌బోర్ చూసింది. కాఫీ గిన్నె అడుగున మందంగా మసి పట్టింది. సాయంత్రాలు తల దిమ్మెక్కినట్టుండేది. మంచు మీద ఎండ మిలమిల వల్ల అనుకుంది. మసి కంపు పట్టలేకపోయింది. నలభై ఏళ్ళు కిరసనాయిలు కంపులో కాపురం చేసిన ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది. మసి సంగతి చెబితే మళ్ళీ అలిగి షెడ్డుకెక్కుతాడు. అందుకని ఇసకతో గిన్నె తోమి బోర్లించింది. బాగుందా అని అతను అడిగితే పెదవులు చుట్టి ఊపిరి పీల్చుకుంది. ఆ రోజుల్లో గాలి లేదు, ఎండ బాగా కాసింది, ఆర్క్ తలుపు తెరుచుకునే కూర్చునేది. అందుకే బతికింది.

ఏప్రిల్‌లో ఎవర్ట్ లాంటి స్టవ్వు పిచ్చివాళ్ళంతా ఏటా రూనె పెరట్లో కలుస్తారు. రూనె ఎవర్ట్‌తో పాటు మంచు లారీ నడిపినవాడు. అతని ఇల్లు సరస్సు ఒడ్డున ఉంది. మంచు ఇంకా గట్టిగానే ఉంటుంది, పైన ఎండ వెన్నెలలా కాస్తుంది. అందరూ రెయిన్‌డీర్ తోళ్ళు పరుచుకుని కూర్చుని ఎవరి స్టవ్వు మీద వాళ్ళు కాఫీ కాచి, చెక్క కప్పుల్లో అక్కడి అలవాటుగా జున్నుముక్కలు వేసి, ఒకరిది ఒకరు తాగి, ఎవరిదీ బాగాలేదని తేల్చుకుంటారు. ఆ తరవాత చెవి పందెం. ఒకడు సరస్సు వైపు తిరిగి నిలబడాలి, వెనక ఒక స్టవ్వు వెలిగిస్తారు. హోరు విని అది ఏ స్టవ్వో, ఏ కాలందో చెప్పాలి. ఎవర్ట్ ఉన్నన్నాళ్ళూ రెండో స్థానం కోసమే మిగతావాళ్ళు పోటీపడేవారు. కిందటేడు ఒకటి తప్పు చెబితే కావాలని హాస్యమాడాడనుకున్నారు.

ఈసారి పొద్దున్నుంచీ సరస్సు మీద చల్లటి గాలి లేచింది. గున్‌బోర్ జనంలో కూర్చోదు. మధ్యాహ్నానికి అందరికీ వేయించడానికి చేపలు తెస్తానని తెల్లవారగానే ఆర్క్‌కి పోయింది. ఒడ్డునుంచి చూస్తే ఆర్క్ తెల్లటి బట్ట మీద ఎర్ర గుండీలా కనిపిస్తోంది.

"వెనక్కి తిరుగు ముసలాడా," అన్నాడు రూనె ఎవర్ట్ భుజం పట్టి తిప్పుతూ. "దొంగచూపులు చూశావంటే కాఫీ కట్."

"నీ కాఫీ కట్ చేస్తే నా కడుపే బాగుపడుతుంది," అన్నాడు ఎవర్ట్. వెనకాల నవ్వులు. ఆ నవ్వులు అతనికి వినపడలేదు గాని, ఉంటాయని తెలుసు.

చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. వెనకాల మాయ్‌లిస్ అతను బాగుచేసిన స్టవ్వే ఒకటి వెలిగిస్తోంది. ఆవిడ పక్క ఊళ్ళో పోస్టు పంచేది, ఇప్పుడు ఈ స్టవ్వులవాళ్ళ సంఘానికి పెద్ద. ఆ స్టవ్వుని ఎవర్ట్ ప్రేమగా బాగుచేసి కిందటి నెలే ఆవిడ చేతిలో పెట్టాడు.

అతను ఎదురుచూశాడు. స్పిరిటు మండి ఉంటుంది, ఇప్పుడు గాలి కొడుతుంటారు అనుకున్నాడు. ఇంకా ఎదురుచూశాడు. చెవుల్లో గాలి తప్ప ఏమీ లేదు.

"వెలిగించడం చేతకాకపోతే చెప్పండి, నేనొచ్చి వెలిగిస్తాను," అన్నాడు.

ఎవరూ పలకలేదు. ఇది కొత్త ఎత్తు, నన్ను కంగారు పెట్టాలని చూస్తున్నారు అనుకుని ఇంకాసేపు ఆగాడు. పాదాలు చల్లబడ్డాయి.

"ఏం, అందరూ నన్నిక్కడ దిష్టిబొమ్మలా నిలబెట్టి లోపలికి పోయారా?" అంటూ తిరిగాడు.

ఎవరూ ఎక్కడికీ పోలేదు. అందరూ అర్ధచంద్రాకారంలో నిలబడి ఉన్నారు. మధ్యలో స్టవ్వు భగభగ మండుతోంది. బర్నరు మీద పచ్చటి నాలుకలు జానెడు లేచి గాలికి ఊగుతున్నాయి. పైన పెట్టిన గిన్నె నల్లగా మాడిపోయింది. దాని వైపు ఒక్కరూ చూడడం లేదు. అందరూ అతన్నే చూస్తున్నారు. మాయ్‌లిస్ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

రూనె దగ్గరికి వచ్చాడు. "ఎవర్ట్, అది వెలిగి చాలాసేపైంది."

"ఏమన్నావు?"

"చాలాసేపైంది అంటున్నాను. మంచు లారీలా రొద పెడుతోంది. నీకు వినపడట్లేదా?"

ఎవర్ట్‌కి ఆ మాటలు పెదవుల మీదే తెలిశాయి. తెలిసినా అర్థం కాలేదు. స్టవ్వు దగ్గరికి నడిచాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెవి వంచాడు, బుగ్గకి సెగ తగిలి చర్మం చురుక్కుమంది. అప్పుడు, ఎక్కడో పక్క ఊళ్ళో ఎవరో ఊదుతున్నట్టు, సన్నగా వినపడింది. అది గర్జిస్తోందని చుట్టూ ఉన్న మొహాలు చెబుతున్నాయి. అది గుసగుసలాడుతోందని అతని చెవి చెబుతోంది. జీవితంలో మొదటిసారి అతను చెవిని నమ్మలేదు. పిట్టలు ఎక్కడికీ పోలేదని అతనికి ఆ క్షణాన తెలిసింది. టీవీ బాగానే ఉంది. ఎవరూ గొణగలేదు. పడిపోకుండా చెయ్యి మంచుకి ఆనించాడు.

రూనె వంగి గాలి మర తిప్పి మంట ఆర్పాడు. కళ్ళజోడు సవరించుకుని బర్నరు ముక్కులోకి చూశాడు.

"దీని బెజ్జం ఎవడు పాడుచేశాడు? ఇందులో చీపురుపుల్ల పట్టేలా ఉంది."

"నేనే," అన్నాడు ఎవర్ట్. "దానికి గొంతు లేదు. అందుకని."

"దాని గొంతుకేం కాలేదురా," అన్నాడు రూనె. మామూలుగా ఎకసెక్కాలాడే మనిషి, ఆ మాట చాలా మెల్లగా అన్నాడు.

"నా తలనొప్పి దీనివల్లేనా అయితే?" అంది మాయ్‌లిస్, ఎవర్నీ అడగనట్టు. "నేను వంటింట్లో కిటికీ తెరుచుకుని వెలిగించాను కాబట్టి సరిపోయింది."

కిటికీ అన్న మాట ఆమె పెదవుల మీద చూశాడు ఎవర్ట్. చూసి, తల తిప్పి సరస్సు వైపు చూశాడు. ఎర్ర గుండీ అక్కడే ఉంది. గాలి ఒడ్డునుంచి అటే కొడుతోంది. ఈ గాలిలో గున్‌బోర్ తలుపు తెరుచుకుని కూర్చోదు. కూర్చోదు.

లేచి రూనె చెయ్యి పట్టుకున్నాడు.

"గున్‌బోర్," అన్నాడు. "ఆమె దగ్గరున్నదీ నేను పొడిచిందే. తలుపేసుకుని ఉంటుంది."

రూనె అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. మోగుతోంది. మోగుతూనే ఉంది. ఎవర్ట్ అతని మొహం చూసి తెలుసుకున్నాడు.

అంతవరకూ ఎవరి ముందూ తప్పు ఒప్పుకోని మనిషి, అందరికీ వినపడేలా అరిచాడు. తన గొంతు ఎంత పైకి లేచిందో తనకే తెలియలేదు. "ఈ చలికాలం నా చేతిమీదుగా పోయిన స్టవ్వు ఏదీ ఎవరూ వెలిగించొద్దు. మాయ్‌లిస్, ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చెయ్యి. నేను చెడగొట్టానని చెప్పు. చెవిటివాడు చెడగొట్టాడని చెప్పు."

రూనె మంచు స్కూటర్ తీశాడు. ఎవర్ట్ వెనక కూర్చున్నాడు. ఆ స్కూటర్ మోత కూడా అతనికి తొడల కింద వణుకుగానే తెలిసింది. ఇన్నాళ్ళూ దాన్నే చప్పుడనుకున్నాడు. ఎర్ర గుండీ పెట్టె అయింది, పెట్టె గది అయింది, గదికి తలుపు వచ్చింది. మూసే ఉంది. కప్పు మీద పొగ పోయే రేకు గొట్టం చివర మంచు గడ్డకట్టి మూసుకుపోయింది. స్కూటర్ ఇంకా ఆగకముందే ఎవర్ట్ దూకి, పడి, లేచి పరిగెత్తాడు.

తలుపు లాగేసరికి వేడీ మసీ మొహాన కొట్టాయి. లోపల కప్పు నల్లగా ఉంది. తండ్రి స్టవ్వు బల్ల పక్కన పచ్చటి మంటతో మండుతోంది, దాని మీద కాఫీ ఎప్పుడో ఇగిరిపోయింది. గున్‌బోర్ గోడకి ఒరిగిపోయి ఉంది, తల గుండెల మీదికి వాలి, టోపీ కళ్ళ మీదికి జారి. ఆమె చేతిలోని గాలం కర్ర ఒంగి ఒంగి కొట్టుకుంటోంది. కింద గాలానికి చేప చిక్కింది. పట్టుకున్న చెయ్యి మాత్రం కదలడం లేదు.

"ఊపిరి బిగబట్టు," అని రూనె అరిచాడు. ఎవర్ట్‌కి వినపడలేదు. అతను స్టవ్వుని ఉత్తచేత్తో పట్టుకుని బయటికి విసిరేశాడు. అరచెయ్యి కాలింది, అది ఆ సాయంత్రం గాని తెలియలేదు. స్టవ్వు మంచులో బోర్లాపడి బుసకొడుతూ కిందికి దిగిపోయింది. ఇద్దరూ కలిసి గున్‌బోర్‌ని చంకల కింద పట్టి ఈడ్చి మంచు మీద పడుకోబెట్టారు. మొహం మామూలుగానే ఉంది, నిద్రపోతున్న మనిషి మొహంలా. ఆ గాలికి పోయినవాళ్ళ మొహాలూ అలాగే ఉంటాయని విన్న రూనె, అది చూసి ఇంకా భయపడ్డాడు. ఎవర్ట్ ఆమె ముక్కు దగ్గర చెవి పెట్టాడు. పెట్టి, ఏం చేస్తున్నానా అని తెలిసి, చెవి తీసేసి బుగ్గ ఆనించాడు. ఏమో, గాలే అనిపించింది. ఆమె శ్వాసో సరస్సు మీది గాలో తేల్చుకోలేకపోయాడు. మంచు లారీ బ్లేడు కింద గులకరాయి పడితే చెప్పగలిగిన మనిషి, పెళ్ళాం ఊపిరి ఉందో లేదో చెప్పలేకపోయాడు.

"రూనె, చూడు. నువ్వు విను. నువ్వు విని చెప్పు."

రూనె వంగి విన్నాడు. "ఆడుతోంది," అన్నాడు, తలూపుతూ, అతనికి కనపడేలా. "ఉందిరా. ఊపిరి ఉంది." అని ఫోన్ తీసి అంబులెన్సుని ఒడ్డుకి రమ్మన్నాడు. ఆక్సిజన్ తెమ్మని రెండుసార్లు చెప్పాడు.

ఎవర్ట్ ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, గాలికి ఎదురుగా తిప్పి, కోటు గుండీలు తీసి, పేరు పెట్టి పిలిచాడు. చెంపల మీద తట్టాడు. పిలిచాడు. ఎంతసేపు పిలిచాడో అతనికి తెలియదు. గున్‌బోర్ ఒక్కసారి మెలితిరిగి, పక్కకి ఒరిగి, అతని ఒళ్ళోనే వాంతి చేసుకుంది. మళ్ళీ ఒకసారి. కళ్ళు తెరిచింది. ఎవర్ట్ ఏడ్చాడు. సిగ్గుపడే ఊళ్ళో పుట్టి, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

ఆమె పెదవులు కదిలాయి. ఏదో అంది. అలవాటు ప్రకారం అతను ఆ పెదవుల్ని చూశాడు. కానీ అవి వణుకుతున్నాయి, అతని కళ్ళనిండా నీళ్ళు, ఏమీ చదవలేకపోయాడు. ఎప్పటిలా తలూపెయ్యొచ్చు. తల అప్పుడే సగం కదిలింది కూడా.

ఆపుకున్నాడు.

"వినపడలేదు," అన్నాడు. "గున్‌బోర్, నాకు వినపడట్లేదు. నాకు చెవులు పోయాయి."

ఆమె అతన్ని చూసింది. రెండేళ్ళుగా వేచి ఉన్న మనిషి చూసే చూపు అది.

"ఈ ముక్క నీ చేత అనిపించడానికి నేను చావాల్సొచ్చిందా, ముసలాడా," అంది.

రూనె అది విని మొహం అటు తిప్పుకున్నాడు. ఎవర్ట్‌కి ఆ మాట కూడా వినపడలేదు. ఆమె నోటి దగ్గరికి వంగి, "మళ్ళీ చెప్పు," అన్నాడు.

గున్‌బోర్ ఊపిరి కూడదీసుకుని మళ్ళీ చెప్పింది.